స్క్రిప్టు రాసి బతకడం - 4వ పాఠం: “ఓకే అయ్యాక” అని రాయొద్దు

ఈ వారం ఒకేసారి రెండు మూడు స్క్రిప్టులు ఎలా నడపాలో చెబుదామనుకున్నాను. అది ఆగాలి. పోయిన పాఠంలో పారితోషికాన్ని విడతలు చేసుకోమన్నాను, చేసుకున్నారు, కానీ మీరు పంపిన కాగితాల్లో చాలావాటిలో రెండో విడత ఎదురుగా “డ్రాఫ్ట్ ఓకే అయ్యాక” అనీ, మూడో దానికి “షూటింగ్ మొదలయ్యాక” అనీ ఉంది. విడతను దేనికి ముడిపెట్టాలో నేను చెప్పకపోవడం పొరపాటే.

ఓకే చెప్పడం మీ చేతిలో లేదు. నేను ఒకచోట ఫుల్ స్క్రిప్టు ఇచ్చి పదకొండు నెలలు తిరిగాను. బాగాలేదని ఒక్కరూ అనలేదు. హీరో డేట్లు కుదరలేదు, ఓకే అనే మాట రాలేదు, కాబట్టి డబ్బూ రాలేదు. అందుకే “అప్పగించిన 7 రోజుల్లో” అని రాయించండి. మొత్తం 100 అనుకుంటే నేను అడిగేది ఇలా: సంతకం రోజు 20, ట్రీట్‌మెంట్ (డైలాగులు లేకుండా కథను వరుసగా విడమరిచి రాసింది) ఇచ్చాక 20, మొదటి డ్రాఫ్ట్‌కి 35, రెండో వెర్షన్‌కి 15, ఆఖరి మెరుగులకి 10. సినిమా ఆగిపోయినా మొదటి డ్రాఫ్ట్ నాటికి 75 చేతికొస్తుంది.

ఇక నాకు ఒళ్లు మండే మాట: “చిన్న కరెక్షనే కదా.” 120 పేజీల స్క్రిప్టులో హీరోయిన్ తమ్ముణ్ణి తీసేద్దామన్నారనుకోండి. అతను కనిపించేది 9 సీన్లలోనే. కానీ 14వ సీన్లో ఉత్తరం తెచ్చేది అతనే, అతని అప్పు వల్లే 52వ సీన్లో ఇల్లు పోతుంది, ఆ ఇల్లు పోవడం వల్లే క్లైమాక్స్‌లో ఆమె ఆ నిర్ణయం తీసుకుంటుంది. ఉత్తరం ఇంకెవరు తేవాలి, ఇల్లు ఎందుకు పోవాలి అన్నవి మళ్లీ కొత్తగా ఆలోచించాల్సిందే. డైలాగు మారితే కరెక్షన్. సీన్ ఆర్డరో, కారణమో మారితే అది కొత్త వెర్షన్, దానికి వేరే విడత. ఈ తేడాను అగ్రిమెంట్‌లోనే రాయించండి, సిట్టింగ్‌లో నోటితో తేల్చుకోలేరు. ఈ బాధ అన్నిచోట్లా ఉంది: 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి సాధించుకున్నవాటిలో ఒకటి, ఒక పరిమితి లోపు పారితోషికానికి మొదటి డ్రాఫ్ట్ రాయించుకుంటే, డబ్బిచ్చి చేయించుకునే రెండో దశ పని కూడా గ్యారంటీగా ఇవ్వాలన్నది.

స్క్రిప్టును ఎప్పుడూ ఈమెయిల్లో పీడీఎఫ్‌గానే పంపండి, ఏ వెర్షనో, ఎన్ని పేజీలో, తేదీ ఎంతో సబ్జెక్టులోనే రాయండి. పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఏ రోజు ఇచ్చారో చూపించుకోలేరు. విడత అందేదాకా తర్వాతి వెర్షన్ ఫైలు నేను తెరవను, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.

అభ్యాసం: మీ పాత స్క్రిప్టు ఒకటి ప్రింటు తీయండి. ఐదు సీన్లకు మించి కనిపించే పాత్రను ఒకదాన్ని పూర్తిగా తీసేసి, దానివల్ల మారాల్సిన ప్రతి పేజీ మీదా ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఆ పేజీలన్నీ నిజంగానే తిరగరాయండి, పట్టిన గంటలు లెక్కేయండి. మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత ఆ పేజీల సంఖ్య, గంటలు చూపిస్తూ “ఇది కొత్త వెర్షన్ అవుతుంది” అని నిర్మాతకు నాలుగు లైన్ల మెయిల్ రాసి నాకు పంపండి.