బాలింత కుంగుబాటు: బిడ్డ పడుకున్నా తల్లికి కునుకు పట్టనప్పుడు

కాన్పు జరిగిన ఇంట్లో గోడ క్యాలెండరు మీద పెట్టిన గుర్తులన్నీ బిడ్డవే అయి ఉంటాయి. పురిటి స్నానం, బారసాల, టీకాల తేదీలు, బరువు చూపించే రోజు వరుసగా కనిపిస్తాయి. తల్లి పేరిట కుట్లు చూపించుకునే రోజు ఒక్కటి ఉంటుంది, అది దాటితే ఆమె కోలుకున్నట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో గర్భిణుల్లో నూటికి 15.6 మంది, బాలింతల్లో నూటికి 19.8 మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతున్నారు. ప్రతి ఐదుగురు బాలింతల్లో దాదాపు ఒకరికి వచ్చే జబ్బుకు ఆ క్యాలెండరులో ఒక్క తేదీ కూడా లేదు. కింద ఒక్కో సమస్యనూ ఇంట్లో వాళ్లకు కనిపించే తీరులోనే చెప్పి, దాని వెనుక కారణాన్నీ, చేయవలసిన పనినీ వివరించాను.

ఒక్క రోజు కూడా ఆగకూడని లక్షణాలు

కాన్పయిన తొలి రెండు మూడు వారాల్లో తల్లి రాత్రంతా నిద్ర అవసరమే లేనట్టు తిరుగుతూ ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తున్నాయన్నా, ఈ బిడ్డ నా బిడ్డ కాదనో, బిడ్డలో దేవుడో దెయ్యమో ఉన్నాడనో నమ్మకంగా చెబుతున్నా, అది కుంగుబాటు కాదు. దాన్ని ప్రసవానంతర సైకోసిస్ అంటారు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో వస్తుంది. అంతకుముందు బైపోలార్ జబ్బు (విపరీతమైన హుషారు, తీవ్రమైన దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికీ, తొలి కాన్పులో ఇలాగే జరిగినవారికీ ముప్పు చాలా ఎక్కువ. గంటసేపు మామూలుగా మాట్లాడి మరుగంటలో మారిపోవడం దీని స్వభావం కనుక, "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఇంట్లో వాళ్లు మోసపోతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తిప్పే రెండు రోజులు ప్రాణాల మీదికి తెస్తాయి.

వెంటనే 108కి ఫోన్ చేసి, మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అప్పటివరకు ఆమెను ఒంటరిగా గానీ, బిడ్డతో ఒంటరిగా గానీ వదలకూడదు. ఇది భయపెట్టే జబ్బే అయినా చికిత్సకు బాగా లొంగుతుంది. తల్లిని చేర్పిస్తే బిడ్డను విడదీస్తారేమోనని జంకే కుటుంబాలకు ఒక విషయం తెలియాలి. మూడేళ్లలోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షను చెబుతోంది. తల్లి వల్ల బిడ్డకు హాని కలిగే అవకాశం ఉంటే మాత్రమే తాత్కాలికంగా దూరంగా ఉంచుతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది.

చనిపోవాలనిపిస్తోందని గర్భిణి గానీ బాలింత గానీ అన్నప్పుడు, కోపంలో అన్నా నవ్వుతూ అన్నా, ఇదే తొందర చూపాలి.

మూడో రోజు నుంచి ఊరికే ఏడుస్తోంది

కాన్పయిన రెండో మూడో రోజున కన్నీళ్లు, చిరాకు, అంతలోనే నవ్వు రావడం బాలింతల్లో సగానికి పైగా కనిపిస్తుంది. ప్రసవంతో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి, నొప్పి అందుకు కారణాలు. దీనికి మందు అక్కర్లేదు. విశ్రాంతి, కడుపునిండా తిండి, పక్కన కసరని మనిషి ఉంటే రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. తగ్గకపోతే కింది భాగం చదవండి.

రెండు వారాలు దాటినా తేరుకోలేదు

ఇంట్లో వాళ్ల మాటల్లో ఇది రకరకాలుగా వినిపిస్తుంది: బద్ధకం పెరిగింది, పలకరిస్తే పలకదు, బిడ్డ ఏడుస్తుంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది, లేదా అరగంటకోసారి బిడ్డ ఊపిరి చూస్తూ కూర్చుంటుంది. తల్లి మాటల్లో అయితే "నేను దీనికి తగిన తల్లిని కాను" అన్నది తరచుగా వినిపిస్తుంది. నిద్ర చెడింది, ఆకలి లేదు అని చెబితే బాలింతలందరికీ ఉండేదే కదా అని కొట్టిపారేస్తారు. అందుకే అడగవలసిన ప్రశ్నను కొంచెం మార్చాలి. బిడ్డ పడుకుని, బిడ్డను చూసే బాధ్యత మరొకరు తీసుకుని, గది చీకటిగా ఉన్నప్పుడైనా ఆమెకు నిద్ర పడుతోందా? అలసిన మనిషి పడుకోగానే నిద్రలోకి జారుకుంటుంది. కుంగుబాటు ఉన్న మనిషి పైకప్పు చూస్తూ ఉండిపోతుంది. ఈ ఒక్క ప్రశ్నతో జబ్బు నిర్ధారణ కాకపోయినా, ఇంట్లో ఉన్నవాళ్లు వేరే ఏమీ తెలియకుండానే గమనించగలిగిన తేడా ఇంతకంటే మరొకటి లేదని నా అభిప్రాయం.

బాలింతల్లో కుంగుబాటును గుర్తించడానికి వైద్యులు వాడే ఎడిన్‌బరో కొలమానం 1987లో వచ్చింది. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు ఉంటాయి, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 30. సాధారణంగా 13 గానీ అంతకు మించి గానీ వస్తే కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువ. 10 దాటినా వైద్యులు లోతుగా మాట్లాడతారు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి కాబట్టి, మొత్తం ఎంత తక్కువ వచ్చినా దానికి "అవును" అన్నట్టు జవాబు వస్తే వదిలేయకూడదు. ఈ ప్రశ్నలను అత్తగారి ముందో భర్త ముందో అడిగితే నిజం రాదు. "కాసేపు బయట కూర్చోండమ్మా" అని డాక్టరు అనకపోతే, ఆ మాట అనేలా మీరే చూడండి.

మందుల దాకా వెళ్లే ముందు రెండు రక్తపరీక్షలు చేయించాలి. ప్రసవం తర్వాత ఏడాదిలోపు కొందరిలో థైరాయిడ్ గ్రంథి వాచి, మొదట ఎక్కువగానూ ఆ తర్వాత తక్కువగానూ పనిచేస్తుంది. నీరసం, మందకొడితనం, దిగులు అన్నీ దానివల్లే రావచ్చు కనుక టీఎస్‌హెచ్ చూడాలి. రెండోది హిమోగ్లోబిన్. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రలను గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. కాన్పుతో మాత్రల పని అయిపోయిందని రెండో భాగాన్ని మానేసేవారే ఎక్కువ. దానికి తోడు పథ్యం పేరిట ఆకుకూరలు, పప్పు, పండ్లు మాన్పిస్తే నీరసం ఎలా తగ్గుతుంది? ఈ రెండు పరీక్షల్లో లోపం కనిపించినంత మాత్రాన కుంగుబాటు లేదని కాదు. రెండూ ఒకేసారి ఉండవచ్చు, రెండింటికీ చికిత్స చేయాలి.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది. కాన్పయిన 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. పధ్నాలుగో రోజు సరిగ్గా మనం పెట్టుకున్న రెండు వారాల గడువే. బిడ్డను తూచి వెళ్లబోయే ఆమెను ఆపి తల్లి సంగతి చెప్పండి. బిడ్డకు టీకాలు వేయించే 6, 10, 14 వారాలు తర్వాతి అవకాశాలు. ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారు కనుక "డాక్టరు గారూ, పాపకు కాదు, నాకే బాగాలేదు" అని ఆరోజే అనవచ్చు. బయటికి వెళ్లే వీలు లేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఆమె తరఫున భర్తో అక్కో చేసినా సలహా ఇస్తారు.

హైదరాబాదులో "ఎర్రగడ్డ" అన్నది ఊరి పేరు కంటే తిట్టుగానే ఎక్కువ చెలామణి అయింది కాబట్టి, అక్కడి మానసిక చికిత్సాలయం పేరెత్తితే ఇల్లంతా బిగుసుకుపోతుంది. అక్కడికే వెళ్లాలని లేదు. గాంధీ, ఉస్మానియా వంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం మిగతా విభాగాల పక్కనే ఉంటుంది, అవుట్‌పేషెంట్ చీటీ తీసుకుంటే చాలు. కాన్పు చేసిన గైనకాలజిస్టు చేతనే చీటీ రాయించుకుంటే ఇంట్లో వాదన ఇంకా తగ్గుతుంది.

చికిత్స విషయానికి వస్తే, తేలికపాటి కుంగుబాటుకు మాటల చికిత్స, అంటే శిక్షణ పొందిన సైకాలజిస్టుతో వారానికోసారి కూర్చుని ఆలోచనలనూ, దినచర్యనూ, మనుషులతో ఉన్న చిక్కులనూ ఒక పద్ధతి ప్రకారం విప్పుకోవడం, చాలామందికి సరిపోతుంది. మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే మందు కూడా కావాలి. దానితో పాటు రోజూ రాత్రి ఒకే విడతలో నాలుగైదు గంటల నిద్ర దక్కేలా ఇంట్లో వాళ్లు వంతు వేసుకోవాలి. తీసి ఉంచిన పాలనో, వైద్యులు సూచించిన డబ్బా పాలనో ఆ ఒక్క పూట మరొకరు పట్టవచ్చు. ఇదేదో సౌకర్యం కోసం చెప్పే మాట కాదు, మందుచీటీలో మొదటి వరుసలో రాయదగినది.

మాత్ర వేసుకుంటే పాలు ఇవ్వకూడదంటున్నారు

చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. నిజానికి కుంగుబాటుకు వాడే మందులు చాలావాటిలో తల్లిపాల ద్వారా బిడ్డకు చేరేది తక్కువే. సెర్ట్రలిన్ విషయంలో అది మరీ తక్కువ కాబట్టి, పాలిచ్చే తల్లులకు వైద్యులు తరచుగా దాన్నే ఎంచుకుంటారు. మాత్ర వేసుకున్నాక పాలు పిండి పారబోయవలసిన పని సాధారణంగా ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే పిల్లల డాక్టరుకు కూడా ఒక మాట చెప్పాలి.

నాలుగు రోజులు వేసుకున్నా గుణం లేదు

ఈ మందులు జ్వరం మాత్రల్లా పనిచేయవు. మార్పు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, అలజడి ఉండవచ్చు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, వైద్యులు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. మందు మొదలుపెట్టగానే మనిషి విపరీతమైన హుషారుతో నిద్రలేకుండా తిరిగితే అది గుణం కాదు. లోపల బైపోలార్ జబ్బు ఉందేమో చూడాలి కనుక ఆరోజే ఫోన్ చేయాలి.

కడుపుతో ఉన్నప్పుడే మొదలైంది

చూలింతకు దిగులేమిటని అనుకుంటారు గానీ, బాలింతల్లో కనిపించే కుంగుబాటులో చాలా భాగం గర్భంలోనే మొదలవుతుంది. వేవిళ్ల నీరసం వెనుక అది దాక్కుంటుంది. వేవిళ్లు తగ్గవలసిన నాలుగైదు నెలల్లో కూడా దేనిమీదా మనసు పోకపోతే అనుమానించాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టరు చేత ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆరోజు బీపీతో పాటు ఈ సంగతి కూడా చెప్పాలి.

ముందు నుంచీ మందులు వాడుతున్నవారు నెల తప్పగానే భయపడి ఒక్కసారిగా మానేయడం వల్ల జబ్బు తిరగబెడుతుంది. మానకుండా, ఆ వారంలోనే వైద్యులను కలవాలి. కొన్ని మందులు గర్భంలో నిజంగానే పనికిరావు. ఉదాహరణకు వాల్ప్రోయేట్ బిడ్డ వెన్నుకూ మెదడుకూ హాని చేస్తుంది, కనుక బిడ్డను కనాలనుకునే వయసులో దాన్ని సాధ్యమైనంత వరకు దూరం పెడతారు. పరాక్సెటిన్‌కు కూడా సాధారణంగా మొదటి స్థానం ఇవ్వరు. ఏది మార్చాలి, ఏది కొనసాగించాలి అన్న లెక్క వైద్యులు వేయవలసినదే.

మన దగ్గర దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, చీటీలు మాత్రం అత్తింటి బీరువాలో ఉండిపోతాయి. ఊరు మారుతుంది, డాక్టరు మారుతారు, కొన్నిసార్లు జబ్బు సంగతి పుట్టింటికి తెలిసీ అత్తింటికి తెలియదు, లేదా అందుకు విరుద్ధంగా జరుగుతుంది. సీమంతం సామాన్ల జాబితాలో చీటీల ఫైలు, నెలకు సరిపడా మాత్రలు, పాత డాక్టరు ఫోన్ నంబరు చేర్చండి. పురిటికి పుట్టింటికి పంపే ఆచారంలో ఒక మేలు లేకపోలేదు: వంటా చాకిరీ వేరొకరి మీద పడటం వల్ల ఆమెకు నిద్ర దొరుకుతుంది. చూడవచ్చిన చుట్టాలకు కాఫీలు పెట్టే పని మళ్లీ ఆమె మీదే పడితే ఆ మేలు కూడా పోతుంది.

బిడ్డకు నేనే ఏదో చేస్తానేమోనని భయంగా ఉంది

ఈ మాటను తల్లులు ఎవరికీ చెప్పుకోరు. కత్తి చూసినప్పుడు, మేడ మెట్లు దిగేటప్పుడు, బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు భయంకరమైన దృశ్యం ఒకటి మనసులో మెరుస్తుంది. ఆ ఆలోచనకు తల్లి వణికిపోయి, కత్తులు దాచేసి, బిడ్డను ఎత్తుకోవడానికే జంకుతుంటే, అది చాలావరకు ఆందోళన వల్లనో ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు, అవే పనులు పట్టి పీడించే జబ్బు) వల్లనో బలవంతంగా చొరబడే ఆలోచన. ఆమెకు అది ఇష్టం లేదు కాబట్టే అంత భయం. మాటల చికిత్సకూ, మందులకూ ఇది బాగా తగ్గుతుంది. అలా కాక, బిడ్డకు హాని చేయడమే సరైనదని ఆమెకు అనిపిస్తున్నా, ఎవరో ఆజ్ఞాపిస్తున్నారన్నా, మొదటి భాగంలో చెప్పిన అత్యవసర పరిస్థితి అది. ఈ తేడాను ఇంట్లో తేల్చుకోవడానికి ప్రయత్నించకుండా వైద్యులకే వదిలేయాలి, వారికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఇంట్లోనే కారణం ఉన్నప్పుడు

ఆడపిల్ల పుట్టిందన్న దెప్పులు, పాలు చాలడం లేదన్న నింద, భర్త తాగుడు, దెబ్బలు. వీటికి మాత్ర లేదు. కొడుతున్న ఇంట్లో ఉంచి కౌన్సెలింగ్ ఇప్పించడం, కారుతున్న కప్పు కింద నేల తుడవడం లాంటిది. మహిళా సహాయ నంబరు 181, అత్యవసరమైతే 112. ఉద్యోగినులకు సంబంధించిన ఒక నిబంధన ఎక్కువమందికి తెలియదు: చట్ట ప్రకారం వచ్చే 26 వారాల ప్రసూతి సెలవుకు తోడు, గర్భం వల్ల గానీ కాన్పు వల్ల గానీ వచ్చిన జబ్బుకు వైద్యుల ధ్రువపత్రంతో మరో నెల వరకు జీతంతో కూడిన సెలవు కోరవచ్చు.

తండ్రి మాట్లాడటం మానేశాడు

కొత్తగా తండ్రి అయినవారిలోనూ కుంగుబాటు వస్తుంది. వారిలో అది ఏడుపుగా కాక కోపంగా, ఆఫీసులోనే ఉండిపోవడంగా, తాగుడు పెరగడంగా కనిపిస్తుంది. భార్యకు కుంగుబాటు ఉంటే భర్తకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆయనకూ అదే 14416.

అమెరికాలో ఉన్నాం, అమ్మ తిరిగి వెళ్లిపోయింది

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మకు సాధారణంగా ఆరు నెలలు ఉండే వీలు దొరుకుతుంది. ఆమె విమానం ఎక్కిన వారం నుంచి బాలింత కుంగిపోయిందంటే, అప్పటిదాకా జబ్బును కప్పి ఉంచింది అమ్మ చేతి సాయమే కావచ్చు. తల్లులకోసం అక్కడి ప్రభుత్వం నడిపే నంబరు 1-833-852-6262. రాత్రీపగలూ ఉచితంగా పనిచేస్తుంది, ఫోన్ చేసినవారి భాషలో మాట్లాడేందుకు దుబాసీని కూడా కోరవచ్చు. అమ్మ తిరుగు టికెట్టు కొనే రోజునే డాక్టరు అపాయింట్‌మెంటు కూడా తీసుకుని పెట్టుకోండి, అది ఆమె వెళ్లడానికి ముందు వారంలో పడేలా.