ఇంట్లోనే గ్రీకు చికెన్ ర్యాప్ చేసుకోవడం ఎలా?

ఏథెన్స్‌లో ఆకలేసిన మనిషి వీధిలో నిలబడి తినేసే తిండి ఇది. పెనం మీద నూనె తగిలించి కాల్చిన మెత్తటి పీటా రొట్టె, అందులో వేడి వేడి మాంసం, చిక్కటి పెరుగు, టమాటా, పచ్చి ఉల్లిపాయ, పైన నాలుగు ఆలూ ఫ్రైస్. అన్నీ కలిపి కాగితంలో పొట్లంలా చుట్టి చేతికిస్తారు. నిలువు కడ్డీకి గుచ్చి తిప్పుతూ కాల్చి, పలుచగా కోసిన మాంసమైతే దాన్ని గీరోస్ అంటారు. గ్రీకుల నోట అది ‘యీరోస్’ అని పలుకుతుంది, తిరగడం అని అర్థం. చిన్న పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాలిస్తే సువ్లాకి. అక్కడ ఎక్కువగా వాడేది పంది మాంసమే అయినా చికెన్‌తోనూ చేస్తారు.

నిలువు కడ్డీ పద్ధతి తుర్కుల డోనర్ కబాబ్ నుంచి వచ్చింది. 1922 తర్వాత ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి కట్టుబట్టలతో గ్రీసు చేరిన శరణార్థులు దాన్ని వెంట తెచ్చుకున్నారు. పుల్లకు గుచ్చి కాల్చడం మాత్రం అక్కడ చాలా పాత అలవాటు. శాంతోరిని దీవిలో అక్రోటిరి తవ్వకాల్లో పుల్లలు ఆనించుకోవడానికి గాట్లు పెట్టిన మట్టి స్టాండ్లు దొరికాయి. అవి 3,500 ఏళ్లకు పైబడినవి.

మన ఇంట్లో కడ్డీ లేకపోయినా పర్వాలేదు, ఇనప పెనం చాలు. ఈ వంటలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గర. పెరుగులో, కీరాలో, చికెన్‌లో, టమాటాలో అన్నిట్లోనూ నీళ్లుంటాయి. వాటిని ముందే తీసేయకపోతే రొట్టె నానిపోయి చిరుగుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పిల్లలు రెండో ముద్ద తినేలోపే అడుగు ఊడి, కూరినదంతా కంచంలో పడింది. కీరా పిండకుండా పెరుగులో కలిపేయడమే దానికి కారణం.

కావలసినవి (ఆరు ర్యాప్‌లకు)

చికెన్ 600 గ్రాములు, బోన్‌లెస్. ఊరికే బోన్‌లెస్ అని అడిగితే చాలా షాపుల్లో బ్రెస్ట్ ముక్కలిస్తారు. అవి కాస్త ఎక్కువసేపు కాలితే పీచులా అయిపోతాయి. లెగ్ బోన్‌లెస్ కావాలని అడిగి తెచ్చుకోండి. దానిలో కొవ్వు ఉంటుంది కాబట్టి గట్టిపడదు.

పెరుగు అర కిలో, పులవనిది. ఒక కీరా, ఒక నిమ్మకాయ, ఒక వెల్లుల్లిపాయ, ఆలివ్ నూనె, ఎండు ఒరెగానో, మిరియాల పొడి, ఉప్పు, కొంచెం వెనిగర్. టమాటాలు మూడు, ఉల్లిపాయలు రెండు, బంగాళాదుంపలు మూడు. రొట్టెకు మైదా 300 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూన్.

ఒరెగానో గురించి ఒక మాట. పిజ్జాతో వచ్చే చిన్న ప్యాకెట్లలో ఉండేది చాలావరకు ఒరెగానో సీజనింగ్. అంటే అందులో ఉప్పు, కారం, వెల్లుల్లి పొడి వంటివీ కలిసి ఉంటాయి. ఈ వంటకు ఉత్త ఎండుటాకు కావాలి, సూపర్ మార్కెట్లో సీసాల్లో దొరుకుతుంది. వాసనలో వాముకు దగ్గరగా ఉంటుంది కానీ, దాని బదులు వాము వేయకండి. వాము ఘాటుకు మిగతా రుచులేవీ తెలియవు.

ముందు రోజు రాత్రి: పెరుగు, చికెన్

పెరుగును పలుచటి నూలు గుడ్డలో మూట కట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లారేసరికి సగానికి సగం నీళ్లు దిగిపోయి, చెంచా నిలబడేంత గట్టిగా అవుతుంది. కిందికి దిగిన నీళ్లు పారబోయకండి, రొట్టె పిండికి పనికొస్తాయి.

చికెన్‌కు మూడు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, ఒక నిమ్మకాయ రసం, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద, రెండు టీస్పూన్ల ఒరెగానో, ఒక టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ మిరియాల పొడి పట్టించండి. ఒరెగానోను డబ్బాలోంచి తిన్నగా పోయకుండా అరచేతుల మధ్య నలిపి చల్లండి. నలిపినప్పుడే దాని వాసన బయటికొస్తుంది. ఇక్కడే మన చెయ్యి అలవాటు కొద్దీ అల్లం ముద్ద మీదికీ గరం మసాలా మీదికీ పోతుంది. అవేవీ వద్దు. నిమ్మ, వెల్లుల్లి, ఒరెగానో ఈ మూడే ఆ రుచి. నాలుగోది పడితే వంట బాగానే ఉంటుంది కానీ గ్రీకు వంట కాదు.

మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరనివ్వండి. రాత్రి కుదరకపోతే కనీసం రెండు గంటలైనా ఊరాలి.

జాజికి

గట్టి పెరుగులో కీరా కలిపి చేసే గ్రీకు పచ్చడి ఇది. కీరా తురిమి, అర టీస్పూన్ ఉప్పు కలిపి పావుగంట వదిలేయండి. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసుకుని, చింతపండు పిండినట్టు గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి పచ్చటి నీళ్లు ధారగా కారతాయి. చుక్కలు ఆగిపోయినా ఇంకోసారి పిండండి. చివరికి పెద్ద కీరా అంతా చిన్న నిమ్మకాయంత ముద్దగా మిగలాలి.

ఆ ముద్దను గట్టి పెరుగులో వేసి, సన్నగా తురిమిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, టీస్పూన్ వెనిగర్ కలపండి. కీరాలో ఇప్పటికే ఉప్పుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి. గ్రీసులో దీనిలో సోయికూర (డిల్) ఆకు గానీ పుదీనా గానీ తరిగి వేస్తారు. మన బజారులో సోయికూర కనబడితే తప్పక తీసుకోండి, లేకపోతే నాలుగు పుదీనా ఆకులు చాలు. చూడ్డానికి మన పెరుగు పచ్చడిలా ఉంటుంది, కాకపోతే తాలింపు లేదు, పలుచన లేదు. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే రుచి కుదురుతుంది.

పీటా రొట్టె

మైదాలో ఈస్ట్, అర టీస్పూన్ పంచదార, ముప్పావు టీస్పూన్ ఉప్పు, టేబుల్ స్పూన్ ఆలివ్ నూనె వేసి, పెరుగులోంచి దిగిన నీళ్లను గోరువెచ్చగా చేసి, వాటితో పిండి కలపండి. మొత్తం 185 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. దిగినవి చాలకపోతే మామూలు నీళ్లు కలుపుకోండి. పూరీ పిండి కన్నా మెత్తగా, వేలికి కాస్త అంటేటట్టు ఉండాలి. అంటుతోందని మైదా చల్లుతూ పోతే రొట్టె గట్టిపడుతుంది, చుట్టేటప్పుడు విరుగుతుంది. పది నిమిషాలు మర్దించి, మూత పెట్టి, రెట్టింపు అయ్యేదాకా ఉంచండి. మామూలు రోజుల్లో గంట చాలు, చలికాలం గంటన్నర పట్టొచ్చు.

ఆరు ఉండలు చేసి ఏడంగుళాల వెడల్పున ఒత్తండి. చపాతీ కన్నా మందంగానే ఉంచాలి. గ్రీకు పీటాకు అరబ్బుల పీటాలా లోపల సంచి ఉండదు, కాబట్టి పొంగకుండా ఫోర్కుతో అక్కడక్కడా పొడవండి. బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర కాల్చి, రెండు వైపులా కాస్త నూనె రాయండి. దించిన వెంటనే గుడ్డలో చుట్టి పెట్టండి. ఆ ఆవిరికే అవి మెత్తబడతాయి.

చికెన్ కాల్చడం

ఇనప పెనం పొగలు వచ్చేదాకా కాగనివ్వండి. చికెన్‌కు అంటుకున్న రసాన్ని దులిపి, ముక్కకూ ముక్కకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంచి పరవండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే పెనం చల్లబడి నీళ్లూరతాయి, అప్పుడు చికెన్ కాలదు, ఉడుకుతుంది. మీ చెవే చెబుతుంది: చుర్రుమని గట్టిగా చిటపటలాడుతుంటే కాలుతున్నట్టు, బుడబుడమంటే ఉడుకుతున్నట్టు. అలా వినిపిస్తే సగం ముక్కలు తీసి పక్కన పెట్టండి.

ఒక్కో వైపు ఐదారు నిమిషాలు కదపకుండా వదిలేయండి. మందమైన చోట కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. దించాక ఐదు నిమిషాలు ఆగి, అడ్డంగా పలుచగా కోయండి. ఆ ముక్కల్ని మళ్లీ వేడి పెనం మీద ఒక్క నిమిషం తిప్పితే అంచులు కరకరలాడతాయి. కడ్డీ మీద కాలిన గీరోస్‌కు దగ్గరగా వచ్చేది ఆ ఒక్క నిమిషంలోనే, మానేయకండి.

ఈలోపు పక్క పొయ్యి మీద బంగాళాదుంపల్ని వేలి మందాన కోసి వేయించుకోండి. ఉల్లిపాయలు సన్నగా చీల్చండి. టమాటాల్లో గింజలు, గుజ్జు తీసేసి చక్రాల్లా కోయండి.

చుట్టడం

బటర్ పేపర్ మీద వేడి పీటా పెట్టి, మధ్యలో రెండు చెంచాల జాజికి రాయండి. దాని మీద చికెన్, టమాటా, ఉల్లి, చివరన ఫ్రైస్. నిండా పెట్టాలనిపిస్తుంది కానీ, అంచుల్లో రెండంగుళాలు ఖాళీ వదలండి. రెండు పక్కలనూ మధ్యలోకి మడిచి, కిల్లీ పొట్లంలా కాగితంతో బిగించి, అడుగు భాగాన్ని లోపలికి మెలిపెట్టండి. బటర్ పేపర్ లేదని న్యూస్ పేపర్ మాత్రం వాడొద్దు. వేడికీ నూనెకీ సిరా తిండిలోకి దిగుతుంది. అలా చుట్టొద్దని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా చెబుతూనే ఉంది.

చుట్టిన ఐదు నిమిషాల్లో తినేయాలి. పిల్లల లంచ్ బాక్సులోకైతే చికెన్, పీటా ఒక డబ్బాలో, జాజికి ఇంకో చిన్న మూత డబ్బాలో విడిగా చల్లగా పెట్టి పంపండి, తినేముందు వాళ్లే రాసుకుంటారు. మిగిలిన జాజికి ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. పైన నీళ్లు తేలితే కలపకుండా ఒంపేయండి.