దూడ ఒంటిపై గడ్డ కనిపిస్తే ఎలా పరీక్షించాలి?

లేత వయసు పశువుల్లో ప్రాణాంతక కణితులు అరుదు. దూడలకు వచ్చే గడ్డల్లో చీముగడ్డలు, బొడ్డు హెర్నియా (బొడ్డు దగ్గరి రంధ్రం గుండా పేగు చర్మం కిందికి జారడం), దెబ్బ తగిలి రక్తం గూడుకట్టిన వాపులు, పులిపిర్లే ఎక్కువ. అందుకే ముందుగా పాటించవలసిన నియమం ఒక్కటే: గడ్డ ఏమిటో తేలేవరకు దాన్ని కోయకూడదు. బొడ్డు దగ్గరి వాపును చీముగడ్డ అనుకొని కోస్తే, అది హెర్నియా అయినప్పుడు పేగు తెగే ప్రమాదం ఉంది.

మొదట దూడను కదలకుండా కట్టి, గడ్డను చేత్తో తడమాలి. వేడిగా, నొప్పిగా ఉండి ఒకచోట మెత్తబడితే చీమును అనుమానించాలి. బొడ్డు వాపు నొక్కగానే లోపలికి పోయి, వేళ్లకు రంధ్రం అంచు తగిలితే అది హెర్నియా కావచ్చు. జ్వరంతో పాటు ఒళ్లంతా గట్టి బుడిపెలు లేస్తే ముద్దచర్మ వ్యాధిని (లంపీ స్కిన్) దృష్టిలో పెట్టుకొని, దూడను వెంటనే మందకు దూరంగా ఉంచాలి.

తరువాతి పని చాలామంది వదిలేసేది: దవడ కింద, భుజం ముందు, డొక్క కింది భాగంలో తొడకు ముందు ఉండే లింఫు గ్రంథులను (రోగాలతో పోరాడే చిన్న గ్రంథులు) రెండు వైపులా పోల్చి చూడడం. ఒక గ్రంథే ఉబ్బితే దగ్గరలో పుండో చీమో ఉండవచ్చు. రెండు వైపులా చాలా గ్రంథులు నొప్పి లేకుండా, గట్టిగా పెరిగి, దూడ చిక్కిపోతూ ఉంటే లింఫు క్యాన్సర్‌ను అనుమానించాలి. ఇది సాధారణంగా 6 నెలల లోపు దూడల్లో కనిపించే రూపం. 6 నుంచి 24 నెలల పశువుల్లో మెడ దిగువన, రొమ్ము ముందు పెద్ద వాపుగా వచ్చే మరో రూపం ఉంది. అది అన్నవాహికను, గాలిగొట్టాన్ని, రక్తనాళాలను నొక్కడం వల్ల కడుపుబ్బరం, ఆయాసం, మెడ సిర ఉబ్బడం కనిపిస్తాయి. మూడోది 1 నుంచి 3 ఏళ్ల వయసులో చర్మంపై బుడిపెలుగా వచ్చి, కొన్నాళ్లు తగ్గినట్లు కనిపించి, తరచుగా తిరగబెడుతుంది.

ఈ మూడు రూపాలకూ పెద్ద పశువుల్లో లింఫు క్యాన్సర్‌కు కారణమయ్యే ల్యుకేమియా వైరస్‌తో సాధారణంగా సంబంధం ఉండదు కాబట్టి, ఆ వైరస్ పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. పశువైద్యుడు గడ్డలోకి సన్నని సూది గుచ్చి తీసిన కణాలను గాని, చిన్న ముక్కను గాని పరీక్షకు పంపితేనే విషయం తేలుతుంది. లింఫు క్యాన్సర్ అని తేలితే పశువును బతికించే ఆచరణయోగ్యమైన చికిత్స లేదు; బాధను పొడిగించకపోవడమే మేలు.

పులిపిర్ల సంగతి వేరు. వైరస్ వల్ల తల, మెడ, భుజాలపై వచ్చే ఈ గరుకు మొలకలు ఎక్కువగా 2 ఏళ్ల లోపు పశువుల్లో కనిపించి, చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. చనుమొనలపైనా, కోడెల జననాంగంపైనా వస్తే మాత్రం వైద్యుడికి చూపించాలి. వైరస్ చర్మంపై చిన్న గీతల ద్వారా సోకుతుంది కాబట్టి చెవి పోగులు వేసే పరికరాన్ని, కొమ్ములు తీసే సాధనాలను ప్రతి పశువు తరువాత క్రిమిరహితం చేయాలి. పలుపుతాడును, సూదులను ఒకదానివి మరొకదానికి వాడకూడదు.