కార్తీక ఉపవాసం మొదలుపెట్టే ముందు మీ షుగర్ మాత్రల చీటీ ఒకసారి తీయండి

గత ఏడాది కార్తీకంలో రెండో సోమవారం నాడు మా వీధి చివరి ఇంట్లో ఉండే 68 ఏళ్ల పెద్దావిడ తెల్లవారుజామున తలస్నానం చేసి, శివాలయానికి వెళ్లివచ్చి, తులసికోట దగ్గర దీపం పెట్టుకుని, తీర్థంతోపాటే తన షుగర్ మాత్ర కూడా వేసుకున్నారు. మాత్ర మానితే షుగర్ పెరిగిపోతుందని ఆవిడ భయం. సాయంత్రం 4 గంటలకు గోడకు చేరగిలబడిన మనిషికి ఒళ్లంతా చెమటలు పట్టి, మాట ముద్దముద్దగా వస్తుంటే, ఇంట్లోవాళ్లు ఉపవాసపు నీరసమే అనుకుని ఫ్యాను వేసి పడుకోబెట్టారు. చుక్కలు పొడిచాక భోజనానికి లేపితే లేవలేదు. ఆసుపత్రిలో చూస్తే షుగర్ 34 ఉంది. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిచారు గనుక గండం గడిచిందనుకుని రాత్రికే ఇంటికి తీసుకొచ్చేశారు. తెల్లవారేలోపు షుగర్ మళ్లీ పడిపోయింది.

మందుల షాపు నడుపుతున్న నాకు ఇలాంటి కబురు వినడం అది మొదటిసారి కాదు. తీపి తగ్గించాలని, వేళకు తినాలని మీకు నేను చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే తప్పు గురించి: తిండి మారుతుంది, మాత్ర మారదు.

షుగర్ మాత్రలన్నీ ఒకేలా పనిచేయవు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ సంగతి వేరు. మీరు తిన్నారా లేదా అన్నది చూడకుండా అవి క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. అన్నం తిన్నవాడి ఒంట్లో ఆ ఇన్సులిన్‌కు పని ఉంటుంది, పస్తున్నవాడి ఒంట్లో అది ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేస్తుంది. గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది కాబట్టి పొద్దున వేసుకున్న మాత్ర సాయంత్రానికి అరిగిపోయి ఉంటుందనుకోవడం పొరపాటు. మన దగ్గర ఎక్కువమంది వాడేవి రెండు మూడు మందులు కలిపిన మాత్రలు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరే కనబడుతుంది, అసలు మందుల పేర్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ చిన్న అక్షరాలే చదివించుకోండి.

నలభై ఏళ్ల వయసులో చేసిన ఉపవాసమే కదా, ఇప్పుడు కొత్తగా ఏమవుతుందని చాలామంది అడుగుతారు. ఉపవాసం అదే, మనిషి అదే కాదు. వయసు పైబడినకొద్దీ కిడ్నీల పని మందగిస్తుంది, బయటికి పోవలసిన మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. దాహం కూడా తెలియవలసినంతగా తెలియదు. కండ తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది, పళ్లు సహకరించవు. పైన చెప్పిన పెద్దావిడ భర్త పోయినప్పటి నుంచి, ఒక్క ప్రాణానికి రాత్రి పొయ్యి వెలిగించడం ఎందుకని గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకుంటున్నారట. మాత్ర మాత్రం ఇద్దరికీ వండుకుని మూడు పూటలా తిన్న రోజుల్లో డాక్టరు రాసిన మోతాదే. అంటే ఆవిడ విషయంలో సోమవారం ఉపవాసం ఆఖరి దెబ్బే, తిండికీ మాత్రకూ పొత్తు చెడి చాలాకాలమైంది. ఏడాదిలో నాలుగైదు కిలోలు తగ్గినవారు, రాత్రి అన్నం మానేసినవారు, కొత్తగా పళ్లు కట్టించుకుని జావతో గడుపుతున్నవారు ఉపవాసం చేసినా చేయకపోయినా మోతాదు మళ్లీ చూపించుకోవలసిందే. తిండి మారితే మాత్ర సంగతి అడగాలి.

అలాగని మాత్ర మీ అంతట మీరే మానేయమని నా ఉద్దేశం కాదు, అది రెండో గొయ్యి. దీపావళికి ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఫలానా రోజుల్లో రాత్రి ఒక్కపూటే తింటాను, పగలు పాలు, పండు తీసుకుంటాను, లేదా ఏమీ తీసుకోను అని ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రను రాత్రి భోజనానికి మార్చాలా, సగం చేయాలా, ఆ ఒక్కరోజు ఆపాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. మా షాపుకు వచ్చే ముస్లిం కుటుంబాల్లో చాలామంది రంజాన్‌కు నెల ముందే చీటీ మార్పించుకుంటారు; కార్తీకానికి అలా వచ్చేవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు, కిడ్నీ జబ్బున్నవారు, ఇదివరకు ఒకసారి షుగర్ పడిపోయినవారు అసలు పస్తుండకపోవడమే మంచిది. నీరు, దుంప, పండు, పాలు, ఔషధం వ్రతాన్ని చెడగొట్టవని పెద్దలు ఎప్పుడో చెప్పారు. రోగికి ఆచారమిచ్చిన వెసులుబాటును ఇంట్లోవాళ్లు లాక్కోకూడదు.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవారు ఆ పేరు ప్రత్యేకంగా డాక్టరుకు చెప్పాలి. ఆ మందు వేసుకుని పస్తుంటే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటర్‌లో అంకె బాగుంది కదా అని ఇంట్లో కూర్చోకండి.

మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర వాడేవారు నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చేయకండి. తెల్లవారుజామున చెరువు మెట్ల మీద ఒంటరిగా స్నానానికి దిగకండి. కిడ్నీ జబ్బున్నవారు ఫలాహారం పేరుతో కొబ్బరినీళ్లు, అరటిపళ్లు అదేపనిగా తీసుకోకండి, పొటాషియం పెరుగుతుంది. పగలంతా మాడిన కడుపులోకి రాత్రి పులిహోర, బూరెలు ఒక్కసారిగా దించకండి. ఉపవాసం రోజు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ చూసుకోండి. వేలికి సూది గుచ్చుకున్నంత మాత్రాన వ్రతం పోదు. గ్లూకోమీటర్ స్ట్రిప్పుల గడువు ముందురోజే చూడండి. వణుకు, చెమట, గుండెదడ, చిరాకు, తికమక మాటలు కనిపిస్తే నీరసమని పడుకోబెట్టకండి. అటెనొలాల్ వంటి బీపీ మాత్ర వాడేవారికి గుండెదడ తెలియకపోవచ్చు, చెమట చూడండి. అంకె 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి, తగ్గే ఉంటే మళ్లీ తాగించండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. లడ్డూ ప్రసాదం పెట్టకండి. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మీ మాత్రలో వోగ్లిబోస్ కలిసి ఉంటే పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి, ఒక డబ్బా ఈ రోజే కొని పూజగదిలో పెట్టుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి ఖాళీ మాత్రల అట్టలు కూడా పట్టుకెళ్లండి. కళ్లు తెరిచారని అదే రాత్రి ఇంటికి తెచ్చేయకండి, డాక్టరు ఉంచమన్నంతసేపు ఉంచండి. షుగర్ 70 కంటే తగ్గిన రోజున ఉపవాసం అక్కడితో సరి, చుక్కల కోసం చూడకండి. మర్నాడు మాత్ర వేసే ముందు డాక్టరును అడగండి.