చూడి పందికి విటమిన్ ఇ, సెలీనియం: ఎంత వేయాలి, ఎలా కలపాలి

ఐరన్ ఇంజెక్షన్ వేసిన కొన్ని గంటలకే పందిపిల్లలు వరసగా చనిపోతే అందరూ మందునే తిట్టుకుంటారు. తల్లి దాణాలో విటమిన్ ఇ, సెలీనియం కొరవడితే మామూలు 200 మిల్లీగ్రాముల ఐరన్ కూడా పిల్లల కండరాలకు విషమవుతుంది. ఒంట్లోని కొవ్వును, కణాల పొరలను ఆక్సీకరణ (ఆక్సిజన్ తగిలి పాడవడం) నుంచి కాపాడటంలో ఈ రెండూ ముఖ్యం. ఒకటి ఎక్కువ వేసి రెండోది మానేద్దామంటే కుదరదు.

విటమిన్ ఇ మాయ దాటి పిల్లకు చేరేది చాలా తక్కువ. పిల్లకు దొరికేదంతా దాదాపు ముర్రుపాల నుంచే. సెలీనియం కొంత కడుపులో ఉండగానే చేరుతుంది. అందుకే చూడి 114 రోజుల్లో చివరి నెల కీలకం.

ముందు దాణాలో చెడ్డ కొవ్వును ఆపాలి. ముక్కిన కొవ్వు విటమిన్ ఇని పాడుచేస్తుంది కాబట్టి, అది ఆపకుండా ఎంత విటమిన్ పోసినా దండగే. పచ్చి బియ్యం మిల్లు తవుడులో మర పట్టిన గంటల్లోనే కొవ్వు విరగడం మొదలవుతుంది. తాజాగా తెచ్చి రెండు మూడు రోజుల్లో వాడేయండి. లేదా నూనె తీసిన తవుడు కొనండి, నిల్వకు అదే నయం. బాయిల్డ్ మిల్లు తవుడు అంత త్వరగా పులవదు గానీ అదీ ముక్కిపోతుంది. చిటికెడు నాలుక మీద వేస్తే చేదు, సబ్బు రుచి తగిలిందా, చూడి పందులకు వద్దు. హోటల్ వ్యర్థాలను ఉడికిస్తే క్రిములు చస్తాయి, మాడిన నూనె మాత్రం బాగుపడదు. చల్లారాక పైన తేలిన జిడ్డును గరిటెతో తీసి పారేయండి. కోస్తాలో చేపల వ్యర్థాలు పెట్టేవారికి విటమిన్ ఇ అవసరం ఇంకా పెరుగుతుంది. అది చాలకపోతే పంది కొవ్వు పసుపు రంగుకు తిరిగి నీచు వాసన కొడుతుంది.

ఇక లెక్క. చూడి పందికి కిలో దాణాకు కనీసం 44 ఐయూ (విటమిన్ బలాన్ని కొలిచే అంతర్జాతీయ యూనిట్) విటమిన్ ఇ, 0.15 మిల్లీగ్రాముల సెలీనియం కావాలి. 84వ రోజు నుంచి విటమిన్ ఇ 66 ఐయూకి పెంచితే మంచిది. సెలీనియం అదనంగా కలిపేది కిలోకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదు. వంద కిలోల దాణాకు ఇలా వస్తుంది: 50 శాతం విటమిన్ ఇ పొడి గ్రాముకు 500 ఐయూ కాబట్టి 66 ఐయూ లెక్కన 13 గ్రాములు, 1 శాతం సెలీనియం ప్రీమిక్స్ (వేరే పొడిలో ముందే పలచగా కలిపి అమ్మేది) అయితే 0.3 మిల్లీగ్రాముల లెక్కన 3 గ్రాములు. మీ మినరల్ మిక్స్చర్ సంచి మీద సెలీనియం ఉందేమో ముందు చదవండి. దాని ద్వారానే కిలో దాణాకు 0.15 మిల్లీగ్రాములు వస్తుంటే 3 బదులు 1.5 గ్రాములే వేయాలి.

లేబుల్ దగ్గరే పొరపాటు జరుగుతుంది. '1 శాతం సెలీనియం' వేరు, '1 శాతం సోడియం సెలినైట్' వేరు. సెలినైట్‌లో సెలీనియం 45 శాతం చిల్లరే. అచ్చమైన సెలినైట్‌ను ఫారానికి తీసుకురావద్దు. ప్రీమిక్స్ అనుకుని 3 గ్రాములు వేస్తే కిలో దాణాకు 13 మిల్లీగ్రాములు దాటుతుంది. తిండి మానేయడం, వెంట్రుకలు రాలడం, గిట్ట పైఅంచు దగ్గర చీలి ఊడిపోవడం, వెనక కాళ్లు పడిపోవడం దాని ఫలితం. 5 మిల్లీగ్రాముల దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

కలిపేటప్పుడు వంటింటి కాటా పనికిరాదు, 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. రెండు పొడులనూ కిలో మొక్కజొన్న పిండిలో వేసి, మూతి కట్టిన కవర్లో బాగా కుదపండి. ఆ కిలోను పది కిలోల దాణాలో, ఆ పదిని వందలో కలపండి. నేరుగా వందలో చల్లితే ఒక పందికి ఏమీ అందదు, ఇంకోదానికి మోతాదు మించుతుంది.

హోటల్ మేతతో పెంచేవారు ఆ కిలో పిండినే వాడుకోవచ్చు. పందికి రోజుకు 25 గ్రాములు, అంటే రెండున్నర కిలోల దాణాలో ఉండేంత. ఒకసారి తూచి చిన్న గిన్నెకు గీత పెట్టుకోండి. గుప్పెడు తవుడులో కలిపి, మేత వేయకముందే ఒక్కో పందికి విడివిడిగా పెట్టాలి. తొట్టిలో వేస్తే పెత్తనం చేసే పందే తినేస్తుంది. ఉడుకుతున్న మేతలో వేయవద్దు.

విటమిన్ ఇ అసిటేట్ రూపంలో ఉన్నదే కొనండి, నిల్వకు ఆగుతుంది. అయినా మైలుతుత్తం, ఇనుము లవణాలు, కోలిన్ క్లోరైడ్‌తో కలిపి నెలల తరబడి ఉంచితే బలం తగ్గుతుంది. రేకుల షెడ్డులో ఎండాకాలం మరీ త్వరగా. కలిపిన దాణాను మూడు వారాల్లో, వానాకాలం పదిహేను రోజుల్లో ముగించండి. విటమిన్ సి కొనక్కర్లేదు, పంది ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది. లూసర్న్, అలసంద ఆకు రోజుకు కిలో దాకా పెడితే మంచిదే, ఎండితే విటమిన్ చాలావరకు పోతుంది. సుబాబుల్ మాత్రం చూడి పందికి వద్దు.

ఈనే ముందు విటమిన్ ఇ–సెలీనియం ఇంజెక్షన్ వేయించాలనుకుంటే, దాణాలో ఎంత కలుపుతున్నారో డాక్టరుకు చెప్పండి. రెండూ కలిస్తే సెలీనియం మించవచ్చు. ఈనిన రోజున ప్రతి పిల్లా ముర్రుపాలు తాగిందో లేదో చూడండి. 24 గంటలు దాటాక దాని పేగు ఆ పాలలోని రక్షణను పెద్దగా తీసుకోదు.