ఘాట్ రోడ్డు డ్రైవింగ్ – 4వ పాఠం: బండిని గేరు మీద దింపడం

ఎక్కుడులో పొరపాటు చేస్తే ఇంజన్ ఆగిపోతుంది, అంతే. దిగుడులో చేస్తే బండి ఆగదు. అందుకే మూడో పాఠం కంటే ఇది కాస్త పెద్దది. హాఫ్ క్లచ్ (క్లచ్ సగం తొక్కిపట్టడం) మీద నిలబెట్టకుండా, హ్యాండ్‌బ్రేకు సాయంతో ఎత్తులో బయల్దేరడం మీకు ఇప్పటికే చేతికొచ్చి ఉండాలి. రాకపోతే ఇంకో వారం అదే సాధన చేసి తర్వాత ఈ పాఠానికి రండి. తొందరేం లేదు.

తిరుమల ఘాట్ రోడ్డుకు ఒక నిబంధన ఉంది. ఎక్కే వాహనం 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదు, దిగే వాహనం 40 నిమిషాల కంటే ముందు అలిపిరికి రాకూడదు. దిగడానికి బలం అక్కర్లేదు, బండి దానంతట అదే వస్తుంది. అయినా ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ సమయం పెట్టారు. 1944లో తెరిచిన పాత దారి ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండో దారి ఎక్కడానికి వాడుతున్నారు. పాత దారిలో మలుపులు ఎక్కువన్నది నిజమే కానీ మన పాఠానికి అసలు సంగతి మలుపులది కాదు, వేడిది.

ఈ పాఠానికి అరకు ఘాట్ రోడ్డునే ఉదాహరణగా తీసుకుందాం. అరకు నుంచి విశాఖ వైపు బయల్దేరితే సుంకరమెట్ట దాటాక గాలికొండ దాకా దారి పైకే పోతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు: 'దిగుతున్నాం కదా' అనుకుంటూ ఎక్కుతుంటారు, తీరా అసలు దిగుడు మొదలయ్యేసరికి ధ్యాస పక్కకు పోయి ఉంటుంది. అక్కడి నుంచి అనంతగిరి, డముకు, త్యాడ మీదుగా శృంగవరపుకోట మైదానం దాకా దిగుడే. కిందికి చేరేలోపు బండి 900 మీటర్లు దిగిందనుకుందాం. మనుషులతో సామానుతో కలిపి కారు బరువు 1,200 కిలోలు. ఆ ఎత్తులో బండి దాచుకున్న శక్తి కోటి జౌళ్ల పైమాటే. కిందికి వచ్చి ఆగేసరికి అదంతా ఎక్కడో వేడిగా మారి తీరాలి. ముప్ఫై అయిదు లీటర్ల నీళ్లను కళపెళ మరిగించడానికి సరిపడే వేడి అది. దాన్ని మొత్తం నాలుగు చక్రాల దగ్గరున్న బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, డ్రమ్ముల మీద వేస్తారా, ఇంజన్‌కు కూడా పంచుతారా అన్నదే ఈ పాఠం.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి బండిని చిన్న గేరులో ఉంచితే, చక్రాలే ఇంజన్‌ను తిప్పాల్సి వస్తుంది. సిలిండర్లలో గాలిని పీల్చడం, నొక్కడం, రాపిడి, ఇవన్నీ కలిసి బండిని వెనక్కి లాగిపట్టుకుంటాయి. ఆ వేడి రేడియేటర్ దగ్గరా సైలెన్సర్ దగ్గరా బయటికి పోతుంది. గేరు ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. న్యూట్రల్‌లో పడేస్తే ఈ పట్టు సున్నా. క్లచ్ తొక్కి ఉంచినా సున్నానే. మలుపు మలుపుకూ అలవాటుగా క్లచ్ తొక్కేవాళ్లు ఈ సంగతి మర్చిపోతుంటారు.

న్యూట్రల్‌లో దింపితే పెట్రోలు మిగులుతుందన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. కార్బురేటర్ రోజుల్లో ఏమో గానీ, ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్ కోసం, అంటే ఇంజన్ ఆగిపోకుండా తిరుగుతూ ఉండటానికి, ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. కాబట్టి లాభం కూడా లేని ప్రమాదం అది. ఇంజనే ఆపేసి దింపడం గురించి చెప్పనే అక్కర్లేదు. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, తాళంచెవి బయటికి లాగితే స్టీరింగే లాకైపోవచ్చు.

ఏ గేరు? 'ఎక్కిన గేరులోనే దిగు' అని పాత లారీ డ్రైవర్లు చెప్పేది మంచి మాట. కానీ అది ఇంజన్లు బలహీనంగా ఉన్న రోజుల లెక్క. ఇప్పటి టర్బో కారు ఎక్కుడును థర్డ్‌లో సునాయాసంగా లాగేస్తుంది, అదే థర్డ్‌లో దింపితే పట్టు చాలదు. నా లెక్క వేరు: యాక్సిలరేటర్, బ్రేకు రెండూ ముట్టకుండా పది సెకన్లు చూడండి. వేగం పెరుగుతుంటే గేరు పెద్దది, ఇంకొకటి తగ్గించండి. అటూ ఇటూ కాకుండా నిలబడితే అదే సరైన గేరు. అరకు ఘాట్‌లో మామూలు కార్లకు ఎక్కువ భాగం సెకండే. కొన్నిచోట్ల థర్డ్ చాలు, వాలు గట్టిగా ఉండి బండి నిండా జనం ఉంటే ఫస్ట్ కూడా పడుతుంది. ఇంజన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్‌లో ముల్లు మూడు వేల దగ్గరున్నా ఎర్ర గీతకు దూరంగానే ఉంది కదా.

గేరు తగ్గించాల్సింది వాలు మొదలయ్యే ముందు, మొదలయ్యాక కాదు. ముందు బ్రేకుతో వేగం తగ్గించండి, తర్వాత గేరు మార్చండి, క్లచ్‌ను నెమ్మదిగా వదలండి. వరస తిరగబడి అరవై వేగంలో సెకండ్‌లో వేసి క్లచ్ ఠక్కున వదిలితే చక్రాలు జారతాయి, తడి రోడ్డు మీద మరీను. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఎలాగూ ఆగుతారు. మళ్లీ కదిలేటప్పుడే గేరు నిర్ణయం అయిపోవాలి. అన్నట్టు, లోయ అందం చూడటం పక్కనున్నవాళ్ల హక్కు. స్టీరింగ్ పట్టినవాళ్లు చూడాలంటే బండి ఆపి, దిగి, తనివితీరా చూడాలి. ఫోన్‌తో వీడియో తీస్తూ నడపడం గురించి ఈ పాఠాల్లో మాట్లాడను. అలాంటివాళ్లకు పాఠం కాదు, చలానా కావాలి.

ఆటోమేటిక్ నడిపేవాళ్లు 'డి' లో పెట్టి బ్రేకు మీద కాలు పెట్టి వచ్చేస్తుంటారు. చాలా బండ్లలో లివర్ మీద ఎల్, 2, ఎస్, ఎమ్, బి లలో ఏదో ఒకటి ఉంటుంది. దాని పనేమిటో బండితో వచ్చిన పుస్తకంలో చూసి, ఇంటి దగ్గరే చేతికి అలవాటు చేసుకోండి. ఏఎమ్‌టీ (క్లచ్ పని, గేరు మార్పు బండే చేసుకునే మాన్యువల్ గేరుబాక్సు) అయితే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి మీరే సెకండ్‌లో ఉంచాలి. ఎలక్ట్రిక్ కారులో రీజనరేటివ్ బ్రేకింగ్ (చక్రాల తిరుగుడుతో కరెంటు పుట్టిస్తూ వేగం తగ్గించడం) ఆ పని చక్కగా చేస్తుంది, పైగా బ్యాటరీ కొంత నిండుతుంది. కానీ కొండ మీద నూరు శాతం చార్జ్ చేసి బయల్దేరితే, వచ్చిన కరెంటు పెట్టుకోవడానికి చోటు లేక ఆ పట్టు బాగా తగ్గుతుంది. పైనుంచి బయల్దేరేటప్పుడు బ్యాటరీ కొంచెం ఖాళీగా ఉండటమే మేలు. బైకులకూ ఇదే సూత్రం: సెకండ్ లేదా థర్డ్, క్లచ్ వదిలేసి, రెండు బ్రేకులూ కలిపి. వంపులో పడుకోబెట్టాక ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, వేగం వంపుకు ముందే తగ్గాలి.

గేరు పట్టినా ఒక్కోచోట వేగం మెల్లగా పెరుగుతుంది. అప్పుడే బ్రేకు అవసరం. పెడల్ మీద కాలు ఆనించి కిలోమీటర్ల కొద్దీ అలాగే రావద్దు. ముప్ఫై అయిదుకు చేరగానే ఒకసారి గట్టిగా తొక్కి ఇరవై అయిదుకు తెచ్చి, కాలు పూర్తిగా తీసేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. ఆ మధ్య సమయంలో డిస్కులు గాలికి చల్లారుతాయి. కాలు ఆనించి ఉంచితే చల్లారే వీలే లేదు. ప్యాడ్లు కాలి పట్టు వదులుతాయి, ఆ పైన బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన డాట్ 3 కి హద్దు 140 డిగ్రీలే, డాట్ 4 కి 155. ఆయిల్ మరిగిందంటే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. మీ బండికి బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఘాట్‌కు ముందు మార్పించండి. టైర్ల గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు.

ఊటీ నుంచి మసినగుడికి దిగే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్‌లు, అంటే దారి వెనక్కి మడిచినట్టు తిరిగే మలుపులు, ఉన్నాయి, వాలు చాలా గట్టిది. బ్రేకులు పోయి జరిగిన ప్రమాదాల తర్వాత అక్కడ దిగే బయటి వాహనాల మీద పోలీసులు ఆంక్షలు పెట్టారు. ఎక్కేవాళ్ల కంటే దిగేవాళ్లతోనే వాళ్లకు భయం.

ఇక హెయిర్‌పిన్. మన కొండ రోడ్ల ప్రమాణాల ప్రకారం హెయిర్‌పిన్‌ను గంటకు 20 కిలోమీటర్ల వేగానికి, లోపలి అంచు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉండేలా కట్టాలి. వంపులో వాలు 40 కి 1 (40 మీటర్ల దారికి 1 మీటరు ఎత్తు) మించకూడదు. అంటే వంపు దగ్గర రోడ్డు కొంచెం చదునుగా ఉంటుంది, గట్టి వాలు వంపుకు ముందున్న దారిలోనే. పాత రోడ్లన్నీ ఈ కొలతకు సరిపోవు, అయినా పద్ధతి ఒకటే: వంపుకు ముందే, దారి తిన్నగా ఉండగానే బ్రేకు పని ముగించి, కాలు తీసి వంపులోకి దిగాలి.

మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమకు తిరిగే హెయిర్‌పిన్ మనకు ఇరుకు. ముందు చక్రం పట్టిన దారి కంటే వెనక చక్రం లోపలికి కోస్తుంది, కాబట్టి తిప్పడం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టండి. కుడికి తిరిగేది విశాలంగా కనబడి అడ్డంగా కోసెయ్యమని ఊరిస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లు మీ బంపర్‌ను చూసేది అక్కడే. మలుపుకు ముందు హారన్, రాత్రయితే ఒకసారి లైటు కొట్టడం. కింది మలుపులో బస్సు కనబడిందా, మీరు వంపులోకి వెళ్లకుండా పైనే ఆగండి. ఆర్టీసీ బస్సు తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి, అది డ్రైవర్ పొగరు కాదు.

ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి. ఇది మర్యాదే కాదు, నిబంధన. ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో మూడో పాఠంలో చూశారుగా. వానాకాలంలో తప్పుకోవాల్సి వస్తే కొండవైపు తప్పుకోండి, లోయ అంచు మట్టిని నమ్మవద్దు.

కాలిన వాసన వచ్చినా, పెడల్ ఎప్పటికంటే లోతుకు వెళ్లినా, ఇంకో రెండు కిలోమీటర్లు చూద్దామనుకోవద్దు. వెడల్పైన చోటు చూసి ఆపండి. రివర్స్ గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. వేడెక్కిన బ్రేకులు చల్లారుతుంటే హ్యాండ్‌బ్రేకు పట్టు సడలవచ్చు, అందుకే అది ఒక్కటే చాలదు. నీళ్లు పోయకండి, ఎర్రగా కాగిన డిస్కు వంకర పోతుంది. అరగంట ఆగండి. వెళ్లేటప్పుడు రాయి తీసి పక్కన పడేయండి. రోడ్డు మధ్య వదిలేసిన ఆ రాళ్లే రాత్రి బైకుల మీద వచ్చేవాళ్ల ప్రాణం తీస్తాయి.

నడుస్తుండగానే బ్రేకు పోతే పెడల్‌ను గబగబా నాలుగైదు సార్లు తొక్కండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారి బండి తిరిగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే కొండ గోడకు బండి పక్కను రాసుకుంటూ పోనివ్వండి. తలుపులు పోతే పోనీ. ఇంజన్ మాత్రం ఆపకండి.

ఈ వారం అభ్యాసం: అరకు ఇప్పుడే వద్దు. సింహాచలం కొండ దారి, అన్నవరం రత్నగిరి, మీకు దగ్గర్లో ఉన్న ఏ చిన్న ఘాట్ అయినా చాలు. రద్దీ లేని తెల్లవారుజామున వెళ్లండి. మొదటిసారి సెకండ్‌లో దిగుతూ బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో పక్కనున్నవాళ్లను లెక్కపెట్టమనండి. రెండోసారి ఆ లెక్క సగమయ్యేలా గేరును, వేగాన్ని సరిచూసుకోండి. కిందికి రాగానే చక్రానికి కొంచెం దూరంలో అరచెయ్యి ఆనించకుండా పెట్టి, సెగ ఎంత తగులుతోందో రెండుసార్లూ పోల్చి రాసుకోండి. ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

వచ్చే పాఠం పొగమంచు. పాడేరు ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర, లంబసింగి దారిలో చలికాలం తెల్లవారుజామున పది అడుగుల అవతల ఏమీ కనిపించనప్పుడు హైబీమ్ ఎందుకు పనికిరాదో, రోడ్డు అంచు తెల్లగీతను ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఈలోగా మీ బండిలో ఫాగ్ ల్యాంప్ స్విచ్ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.