జాయింట్ దగ్గర పాలిష్ మీద ఫెవికాల్ మచ్చ పడకుండా

టేకు జాయింట్ బిగించగానే బయటికి ఉబికిన ఫెవికాల్‌ను తడిగుడ్డతో తుడిచేయకండి. నీళ్లకు పలచబడిన జిగురు చెక్క రంధ్రాల్లోకి ఇంకిపోతుంది. అక్కడ స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) పట్టదు, పాలిష్ వేశాక లేత మచ్చ తేలుతుంది.

ముందు జిగురు లేకుండానే బిగించి చూసుకుని, రెండు చెక్కలు కలిసే గీతకు ఇరువైపులా మాస్కింగ్ టేప్ అంటించండి. విప్పి, జిగురు పలచగా రాసి, క్లాంప్ వేయండి. ఉబికింది జున్నులా గట్టిపడ్డాక (సుమారు అరగంట, హైదరాబాద్ మే ఎండల్లో ఇంకా ముందే, వానల్లో ఆలస్యంగా) ఉలితో గీకి టేప్ లాగేయండి. పూర్తిగా ఎండనిస్తే టేప్ అందులోనే ఇరుక్కుని ముక్కలవుతుంది.

పాలిష్‌కు ముందు జాయింట్ల మీద థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. జిగురు మిగిలినచోటు లేతగా బయటపడుతుంది, దాన్ని ఉలితో గీకి 180 నంబర్ సాండ్ పేపర్ పట్టండి.